రెండూ ఎర్రవే

నా తమ్ముడి తల ఒక ముసలమ్మ చేతిలో ఉండేది. మాట వరసకు అంటున్నది కాదు. వాడు పనికి పోయిన గల్ఫు దేశంలో చట్టం అట్లాంటిది. చంపినవాడి తల తీయమని కోర్టు చెప్పేసింది. అయితే చచ్చినవాడి సొంత మనిషి ఎవరైనా ‘నేను క్షమించాను’ అని కాగితం మీద సంతకం పెట్టి పంపితే తల తీయరు, జైల్లో ఉంచుతారు. చచ్చిన మారిసెల్వానికి తండ్రి లేడు, పెళ్ళి కాలేదు. ఉన్నదల్లా విరుదునగర్‌లో తల్లి ఒక్కతే. ఆమె పేరు ముత్తుప్పేచ్చి.

నా పేరు పూంగొడి. కోవిల్‌పట్టిలో తీపెట్టి ఆపీసులో పని చేస్తాను. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని మా వైపు అట్లాగే అంటారు. అమ్మానాన్నలు పోయాక తమ్ముడు తంగపాండిని పెంచింది నేనే. వెల్డింగు నేర్చుకున్నాడు, పరాయి దేశం పోతానన్నాడు, నేను వద్దన్నాను, పోయాడు. వాడు నా మాట విన్నది ఎప్పుడు గనక!

ఆ క్యాంపులో మారిసెల్వం, వీడు ఒకే గది. ఒకదాని మీద ఒకటి ఉండే ఇనుప మంచాలు, పైన వాడు, కింద వీడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మాలాంటి ఇళ్ళలో పుట్టినవాళ్ళే ఇద్దరూ. అంతమంది జనంలో ఒకరికొకరు దొరికారని నేనెంత సంతోషపడ్డానో! ఫోన్లో వీడు మాట్లాడుతుంటే వెనక నుంచి “అక్కా, నా బాగోగులు గూడా అడుగక్కా” అని అరిచేవాడు మారిసెల్వం. మంచి గొంతు. ఆ గొంతును నా తమ్ముడే ఆర్పేశాడు. ఎందుకో తెలుసా? సెల్‌ఫోన్ చార్జర్ కోసం. పొద్దున్నే పనికి పోయే తొందరలో నాదంటే నాదని లాక్కున్నారు. వీడు తోశాడు. మంచం అంచు ఇనుపకడ్డీ వాడి తలకు తగిలింది. అంతే. ఇంత దిక్కుమాలిన చావు ఎక్కడైనా ఉందా? పోలీసులు వచ్చి ఏమడిగారో అర్థం కాక “నేనే, నేనే” అన్నాడట నా తమ్ముడు. తప్పించుకునే తెలివైనా లేదు సన్నాసికి.

మారిసెల్వం శవం మేకులు కొట్టిన పెట్టెలో విరుదునగర్ చేరింది. తెరవొద్దని అధికారులు చెప్పారు, తెరవకుండానే పూడ్చారు. అసలు చిక్కు అక్కడ మొదలయింది. ఆ పెట్టెలో ఉన్నది తన కొడుకు కాదంది ముత్తుప్పేచ్చి. కరుమాది, అంటే దినకర్మ, చెయ్యలేదు. ఒక్క ఏడుపు ఏడవలేదు. కొడుకు బతికే ఉన్నాడంది.

చావనివాడి చావును ఎట్లా క్షమిస్తుంది?

*

మొదటిసారి నేను ఆ ఇంటికి పోయింది కొడతారనే అనుకుని. జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చినా నోరు తెరవకూడదని బస్సులో దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను. నోరు కట్టేసుకోవడం నాకు చిన్న సంగతి కాదు. తీపెట్టి ఆపీసులో నన్ను చూస్తే మేస్త్రీలే పక్కకు తప్పుకుంటారు. కోవిల్‌పట్టి నుంచి వచ్చేవాళ్ళు వట్టి చేతులతో రారు కాబట్టి మా ఊరికి పేరు తెచ్చిన వేరుశెనగ చిక్కీ పొట్లం తీసుకుపోయాను. పోయాక తెలిసింది, హంతకుడి అక్క చిక్కీ తెచ్చిందని. వెనక్కి పోవాలనిపించింది.

ముత్తుప్పేచ్చి నన్ను తలుపు దగ్గరే ఆపి నిదానంగా చూసింది. చిన్న మనిషి, చెవులకు బరువైన పాతకాలపు తమ్మెట్లు, నోట్లో ఆకు వక్క.

“తంగపాండి అక్కవా? మొగం అట్లే ఉండాది. లోపలికి దా పాపా. ఎండలో ఎందుకు నిలబడినావు?” అంది.

ఆ ‘పాపా’ అనే పిలుపుకు నేను చిక్కీ పొట్లాన్ని కొంగు చాటున దాచుకున్నాను. అన్నం తినమంది. మూడు పళ్ళేలు వేసింది. నాకొకటి, తనకొకటి, గోడ పక్కన ఒకటి. మూడో పళ్ళెంలో అన్నం పెట్టి, పైన పప్పు పోసి, పక్కన మజ్జిగ మిరపకాయ కూడా పెట్టింది.

“ఎవరికి పెద్దమ్మా?” అన్నాను, తెలిసీ.

“మారిసెల్వానికి. ఇప్పుడే ఆ సందు చివరికి పోయినాడు. నీకు ఎదురుపడలేదా?”

నేను పళ్ళెం వంక చూస్తూ తిన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మూడో పళ్ళెంలో అన్నం ఒక పక్క కలిపి ఉంది. నాలుగు వేళ్ళ గుర్తులున్నాయి. ముసలిదే కలిపిందనుకున్నాను. ఇంకేమనుకుంటాను? పెరట్లో తీగ మీద నీలం చొక్కా ఒకటి నీళ్ళు కారుతూ ఆరేసి ఉంది. మంచం పక్కన గోడకు చార్జర్ పెట్టి ఉంది, స్విచ్ వేసి ఉంది, దానికి ఫోను లేదు.

“అది ఎందుకు పెద్దమ్మా ఆడ?” అన్నాను.

“వాడొచ్చి పెట్టుకొంటాడు. వానికి చార్జు లేకుంటే పిచ్చి పట్టినట్టు తిరుగుతాడు. నీకు తెలీదు వాని సంగతి,” అని నవ్వింది.

ఆమెకు చార్జర్ సంగతి ఎవరూ చెప్పలేదని తరువాత తెలిసింది. గొడవపడి తోసుకున్నారని మాత్రమే చెప్పారట. ఎదురింట్లో ఉండే ఆమె తమ్ముడు అప్పాసామి ఒట్టేసి చెప్పాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పోయాను. నీలం చొక్కా ప్రతి ఆదివారం తడిగానే ఉండేది. ఒక ఆదివారం అన్నం మధ్యలో ముత్తుప్పేచ్చి గుమ్మం వైపు తల తిప్పి, “చెప్పులు విడిచి రారా, ఇప్పుడే తుడిచినా,” అంది. గుమ్మంలో ఎవరూ లేరు. కానీ చెప్పులు విడిచిన చప్పుడు నాకు వినపడింది. ముందు ఒకటి, తరువాత ఇంకొకటి. నేను లేచి చూశాను. గడప బయట నా చెప్పులు తప్ప ఏమీ లేవు. ఆమె మాత్రం మూడో పళ్ళెం వైపు కూర గిన్నె జరుపుతోంది.

అప్పాసామిని నిలదీశాను. టీ అంగడి నడుపుతాడు, నెమ్మదైన మనిషి.

“ఆమె నోటితోనే సెప్పాలమ్మా, సచ్చిపోయినాడని. మేము సెప్తే వినదు. ఊరంతా సెప్పి సూసినాము. డబ్బు ఇప్పిస్తామని కూడా ఎవరో వచ్చిరి. అంగట్లో బెల్లం బేరమాడినట్టు నా కొడుకును బేరమాడతారా అని చీపురెత్తింది. నీవు పోతే మాత్రం అన్నం పెడతాది. ఎందుకో నాకే తెలీదు,” అన్నాడు.

“నీకు వినబడతాయా, ఆ చప్పుళ్ళు?”

అతను గ్లాసులు కడుగుతూ తల ఎత్తలేదు. “వినబడకూడదనే నేను ఆ ఇంట్లో తినేది మానేసినా,” అన్నాడు.

*

ఎండలు ముదిరే రోజుల్లో సుధాలక్ష్మి ఫోన్ చేసింది. ఆ దేశంలో మనవాళ్ళ కోసం జైళ్ళకూ కోర్టులకూ తిరిగే పుణ్యాత్మురాలు ఆమె. ఎప్పుడూ ధైర్యం చెప్పే గొంతు ఆ రోజు చిన్నదైపోయింది. పెద్ద కోర్టు తీర్పును ఖాయం చేసిందట. వాళ్ళ పండగ అయ్యాక తేదీ వేస్తారట. క్షమాపత్రం అంతలోపు రావాలి, వస్తే ఆగుతుంది, రాకపోతే ఇంక ఎవరి చేతిలోనూ ఉండదు. పత్రం తానే తయారుచేసి పంపింది, అరబ్బీలో, ఇంగ్లీషులో, కింద తమిళంలో. నోటరీ ముందు సంతకం పెట్టించడమే నా పని.

ఆ వారమే జైలు నుంచి తమ్ముడు మాట్లాడాడు.

“అక్కా, పెద్దమ్మ ఏమనింది?”

“ఏమంటాది? నీవు సంపినోడు రోజూ వచ్చి అన్నం తింటా ఉండాడని అంటాది!” అని అరిచాను. అరిచి, నోరు నొక్కుకున్నాను.

“తిననీ అక్కా,” అన్నాడు. “వానికి వాళ్ళమ్మ అన్నం అంటే ప్రాణం.”

నేను ఫోన్ పెట్టేసి, ఆపీసు వెనక గోడకు తల ఆనించి ఏడ్చాను. వాడి మీద కోపం, ముసలిదాని మీద కోపం, చచ్చి కూడా చావని ఆ మారిసెల్వం మీద కోపం. ఏడ్చాక ఒక ఆలోచన వచ్చింది. ఎవరేమన్నా అనుకోండి, ఆ ఆలోచనకు నేను సిగ్గుపడటం లేదు. తల పోయేది మీ తమ్ముడిదైతే మీరూ చేస్తారు.

మా ఇళ్ళలో ఏది తేలకపోయినా పూలు కట్టి చూస్తాం. సంబంధం కలుపుకోవచ్చా, బావి ఎక్కడ తవ్వాలి, తప్పిపోయిన మనిషి ఉన్నాడా లేడా, ఇట్లాంటివన్నీ. ఒక అరిటాకు ముక్కలో ఎర్ర గన్నేరు, ఇంకో ముక్కలో తెల్ల గన్నేరు మడిచి, నారతో కట్టి, మా ఇలవేల్పు జక్కమ్మ ముందు వేస్తాం. అడిగే మనిషి కళ్ళు మూసుకుని ఒకటి తీస్తుంది. ఏ పూవు వస్తే అదే తల్లి మాట. దాని మీద ఇంక ఎవరూ మాట్లాడకూడదు. కట్టే చెయ్యి మాత్రం ఆ ఇంటి చెయ్యి కాకూడదు.

తరువాతి ఆదివారం ముత్తుప్పేచ్చితో అన్నాను.

“పెద్దమ్మా, నీవు ఉండాడంటావు. ఊరు లేడంటాది. జక్కమ్మను అడుగుదామా? తెల్లది వస్తే ఉండాడు. నేనింగ నీ గడప తొక్కను. ఎర్రది వస్తే…”

“ఎర్రది వస్తే?” అంది.

“ఎర్రది వస్తే నీవే సెప్పు.”

ఆమె ఆకు వక్క నములుతూ నన్నే చూసింది. “సరి. శుక్రవారం పోదాము. నీవే కట్టు,” అంది.

*

వాళ్ళ జక్కమ్మ కారియాపట్టి రోడ్డు మీద బస్సు దిగి లోపలికి నడవాల్సిన చోట ఉంది. గుడి లేదు, కప్పు లేదు. నల్లరేగడి చేల మధ్య పసుపు పూసిన రాయి, చుట్టూ సర్కారు తుమ్మ. కర్పూరం వెలిగించేందుకు అప్పాసామి వచ్చాడు, ముందు నడుస్తున్నాడు. వెనక ముత్తుప్పేచ్చి, కొత్త చీరలో. ఆ వెనక నేను, పూల సంచీతో.

దారిలో కొళాయి కనపడితే నీళ్ళు తాగి వస్తానని ఆగాను. వాళ్ళు కొంచెం ముందుకు పోయారు. అక్కడ, కొళాయి పక్కన మురికి కాలవలో, తెల్ల గన్నేరు పూలన్నీ పారేశాను. సంచీ దులిపాను. లోపల వేళ్ళు పెట్టి తడిమాను. తెల్ల రేక ఒక్కటి కూడా లేదు. తరువాత అక్కడే కూర్చుని పొట్లాలు కట్టాను. ఒకదానిలో ఎర్రపూవు. రెండోదానిలో కూడా ఎర్రపూవు.

ముత్తుప్పేచ్చి తన కొడుకు చచ్చాడని ఒప్పుకుంటే చాలు. ఒక్కసారి ఏడిస్తే చాలు. తరువాత కాళ్ళు పట్టుకుంటాను, నేలకు తల కొట్టుకుంటాను, సంతకం పెట్టించుకుంటాను. దేవతను మోసం చేశానంటారా? నా తమ్ముణ్ణి కాపాడాక నన్ను ఏం చేసుకున్నా చేసుకోనీ అనుకున్నాను. ముడి నా ముడి. తీపెట్టి ఆపీసులో బండిళ్ళు కట్టే ముడి, మెలి తిప్పి లోపలికి దోపేస్తాం. తెలియనివాడు విప్పితే నార తెగాల్సిందే గానీ ముడి విడదు.

పొట్లాలు రాయి ముందు పెట్టాను. అప్పాసామి కర్పూరం వెలిగించాడు. అంతవరకూ ఎండగాలి కొడుతూనే ఉంది. ఒక్కసారిగా ఆగిపోయింది. పక్క చేలో మేకల మెడగంటలు మోగుతున్నవి కూడా ఆగిపోయాయి. మేకలు మేయడం మాని మా వైపే చూస్తూ నిలబడ్డాయి. కర్పూరం మంట పొగ లేకుండా నిలువుగా నిలిచింది.

ముత్తుప్పేచ్చి కళ్ళు మూసుకుంది. “ఒరే మారిసెల్వా, నీవే సెప్పురా,” అంది. జక్కమ్మను అడగలేదు, కొడుకును అడిగింది.

ఆమె చెయ్యి కుడి పొట్లం మీదికి పోయింది. అక్కడ ఆగింది. వేళ్ళు ముడుచుకున్నాయి, తియ్యబోయింది. అప్పుడు నేను చూశాను. ఎవరో మణికట్టు పట్టుకుని జరిపితే ఎట్లా జరుగుతుందో అట్లా ఆ చెయ్యి ఎడమ వైపుకు పోయింది. ఆమె మోచెయ్యి కదలలేదు. ఎడమ పొట్లం తీసింది. ముడి విప్పలేక నాకే ఇచ్చింది.

“నీవు కట్టింది గదా. నీవే విప్పు.”

నా ముడే. ఎవరూ ముట్టుకోలేదు. మెలి తిప్పి లోపలికి దోపింది దోపినట్టే ఉంది. విప్పాను. ఆకు తెరిచాను.

తెల్లపూవు.

వాడినది కాదు. కాలవ నీళ్ళలో తడిసిందీ కాదు. అప్పుడే కోసిన పూవు. తొడిమ దగ్గర పాలు ఇంకా కారుతున్నాయి, నా వేలికి అంటుకున్నాయి. అప్పాసామి చేతులు జోడించి నేల మీద పడిపోయాడు. నేను రెండో పొట్లం గబుక్కున తీసి బొడ్డులో దోపుకున్నాను. ఎవరూ అడగలేదు. తరువాత బస్సు కోసం నిలబడ్డప్పుడు చాటుగా విప్పి చూశాను. ఎర్రదే.

ముత్తుప్పేచ్చి గంతులు వెయ్యలేదు. “సూస్తివా, ఉండాడు!” అని నన్ను ఎత్తిపొడవలేదు. తెల్లపూవును అరచేతిలో పెట్టుకుని చూస్తూనే ఉంది. గాలి మళ్ళీ మొదలయింది. మేకలు తల దించాయి.

అంతా అయిపోయిందనుకున్నాను. బతికి ఉన్నాడని జక్కమ్మ చెప్పేసింది, ఇంక దాని మీద మాట లేదు. నా చేత్తో నేనే నా తమ్ముడి తలను పీట మీద పెట్టాను. అక్కడే కూలబడి మట్టి పిడికిళ్ళతో పట్టుకున్నాను.

“లే,” అంది ముత్తుప్పేచ్చి. “ఆ కాగితం తెచ్చినావా?”

“ఏ కాగితం పెద్దమ్మా?”

“సంతకం పెట్టేది. పద. పెడతా.”

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది, చీర దులుపుకుంటూ. “వాడు బతికుండాడు గదా. అయితే నీ తమ్ముడు ఎవుర్నీ సంపలేదు. సంపనివాణ్ణి సావనిస్తే ఆ పాపం నాకెందుకు?”

*

కోర్టు దగ్గర వకీళ్ళ వరసలో ఒక నోటరీ గది. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు పైకెత్తి, సంతకం పెట్టే మనిషికి ఇందులో ఏముందో తెలియాలి, చదివి వినిపిస్తానన్నాడు తమిళంలో. నా ప్రాణాలు పోయాయి. అందులో మొదటి వరుసే ‘చనిపోయిన నా కుమారుడు మారిసెల్వం’. అది చెవిన పడితే ఆమె కలం కింద పెట్టేస్తుంది.

“ఆమెకు తమిళం రాదండి. ఇంట్లో తెలుగే. నేను తెలుగులో చెప్తాను,” అన్నాను.

విరుదునగర్ సంతలో జీవితమంతా మిరపకాయలు అమ్మిన మనిషికి తమిళం రాదని అన్నాను! అప్పాసామి దగ్గుతూ బయటికి పోయాడు. ఆ నోటరీ మంచివాడో, ఆకలి మీద ఉన్నాడో, సరేనన్నాడు. అయినా తన పద్ధతి తనది కాబట్టి ఒక్కో వాక్యం తమిళంలో చదువుతాను, నువ్వు తెలుగులో చెప్పు, ఆమె తల ఊపాలి అన్నాడు.

ఆయన చదివాడు, చనిపోయిన నా కుమారుడు అని. నేను ముత్తుప్పేచ్చి చెయ్యి పట్టుకుని తెలుగులో చెప్పాను.

“పెద్దమ్మా, నీ కొడుకు బతికుండాడని రాసుండాది.”

ఆమె తల ఊపింది.

ఆయన చదివాడు, అతని మరణానికి కారణమైన తంగపాండిని మనస్ఫూర్తిగా క్షమిస్తున్నాను అని.

“తంగపాండి ఏ తప్పూ చెయ్యలేదని రాసుండాది,” అన్నాను.

ఆమె మళ్ళీ తల ఊపింది. నా కళ్ళలోకి చూస్తూ ఊపింది. కలం తీసుకుని, బడిపిల్ల రాసినట్టు ఒక్కో అక్షరం నొక్కి నొక్కి సంతకం పెట్టింది. నోటరీ ముద్ర కొట్టాడు. ఆ చప్పుడుకు నేను ఉలిక్కిపడ్డాను.

బయట మెట్ల మీదికి వచ్చాక నాకు నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది, ఏం వచ్చిందో తెలియదు. కాగితాన్ని రొమ్ముకు అదుముకుని నిలబడ్డాను. ముత్తుప్పేచ్చి మెల్లగా మెట్టు మీద కూర్చుంది.

“బాగ సెప్పినావు పాపా తెలుగులో,” అంది. “నాకు తమిళం రాదా? ఆ వకీలు చదివింది ప్రతి మాటా ఇనుకొంటిని.”

నేను కాగితాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. లాక్కుంటుందేమోనని.

“బయపడొద్దు. లాక్కోను. నా కొడుకు సచ్చిపోయినాడని నాకు తెలీదా? పెట్టె వచ్చిన దినమే తెలుసు. బతికుండాడని అంటా ఉంటే క్షమించమని ఎవురూ నన్ను అడగలేరు గదా, అందుకే అంటి.”

“మరి అన్నం… చొక్కా…”

“అది వేరే. వాడు వచ్చేది నిజమే. సచ్చినోళ్ళు రారని నేనెప్పుడు సెప్పితి?” అంది మామూలుగా. తరువాత గొంతు తగ్గించింది. “నీవు కొళాయి కాడ తెల్లపూలు పారేసేది సూసినా.”

నేను కాగితాన్ని వీపు వెనక్కి తీసుకున్నాను.

“తిరిగి సూస్తిని, పారేస్తా ఉంటివి. సరే, రెండూ ఎర్రవే కడతా ఉండాది అనుకొంటి. మంచిదే అనుకొంటి. ఎర్రది రానీ. అందరి ముందర నా కొడుకు సచ్చిపోయినాడని నోరారా సెప్తా. అప్పుడు నీవు కాగితం సాపుతావు. దాన్ని చింపి నీ మొగాన కొడతా. నా వాడు ఎట్ల పోయినాడో నీ వాడు గూడా అట్లే పోనీ అంటా. అది అనేదానికే ఇన్ని దినాలు నీకు అన్నం పెట్టినా. నీ మొగం సూస్తా అనాలని. ఈ దినం కొత్త చీర కట్టింది గూడా దానికే.”

కోర్టు వాకిట్లో మనుషులు పోతూ వస్తూ ఉన్నారు. ఆమె మాటలు తప్ప నాకేమీ వినపడటం లేదు. నా తమ్ముణ్ణి బతికించడానికి నేను వేసిన ఎత్తు వాడి మెడ మీద కత్తి పెట్టింది. నేను కట్టిన రెండు ఎర్రపూలలో ఏది వచ్చినా వాడి తల పోయేది. వచ్చింది మాత్రం అది కాదు.

“నీవే మార్చినావు గదా పెద్దమ్మా?” అన్నాను. అడగకపోతే నా తల పగిలిపోతుందనిపించింది. “నిజం సెప్పు. నీవే తెల్లది దాచుకొని ఉంటివి.”

“నేనెందుకు మారుస్తా?” అంది ముత్తుప్పేచ్చి. “నాకు ఎర్రదే గావాల్సింది.”

నేనూ మెట్టు మీద కూర్చుండిపోయాను. ఒకరి మొగం ఒకరం చూసుకున్నాం. నాకు ఎర్రది కావాలి, ఆమెకూ ఎర్రదే కావాలి. ఆ రాయి ముందు తెల్లది కావాలనుకున్నవాడు ఒక్కడే.

“నా చెయ్యి పట్టుకొని జరిపినాడు,” అంది ఆమె, మణికట్టు తడుముకుంటూ. “చిన్నప్పుడు సంతలో అట్లే లాగేవాడు, అది కొనియ్యి, ఇది కొనియ్యి అని. అదే పట్టు. నీ తమ్ముణ్ణి వదిలెయ్యమన్నాడు. నా మాటకు అడ్డం వచ్చినాడు సూడు, పోయి పోయి.”

ఆ కాగితం తరువాత సముద్రం దాటింది. సుధాలక్ష్మి దాన్ని కోర్టులో పెట్టింది. తంగపాండి తల దక్కింది, జైలు మిగిలింది. ఆ రోజు మెట్ల మీద నాకు అవేవీ తెలియవు. ముత్తుప్పేచ్చి మాత్రం నా వైపు తిరిగి, చిన్నపిల్లలా పెదవి విరిచింది.

“ఇంగ లేడు గదా పాపా,” అంది. “వాడు సెప్పాల్సింది సెప్పేసినాడు. ఇంగ రాడు.”

చావు ఇంట్లో మా ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసి, తలకు తల ఆనించి, గుండ్రంగా కూర్చుని ఏడుస్తారు. రక్తసంబంధం ఉన్నవాళ్ళే అట్లా కూర్చోవాలి, పరాయివాళ్ళు పక్కన నిలబడతారు. ముత్తుప్పేచ్చి రెండు చేతులూ చాచి నా మెడ చుట్టూ వేసింది. ఆ నడి మధ్యాహ్నం, కోర్టు మెట్ల మీద, అన్ని రోజులూ లోపల దాచుకున్న ఏడుపును గొంతెత్తి మొదలుపెట్టింది. బంట్రోతు వచ్చి లేవండి లేవండి అన్నాడు. నేను వాణ్ణి ఒక బూతు తిట్టి, నా తల ఆమె తలకు ఆనించి, “ఒరే మారిసెల్వా, నా తండ్రీ,” అని ఏడ్చాను.